జెండా దించేదాకా

"అదుగో ప్రొఫెసర్ గారు!" అంటూ బండి ఆగకముందే దూకేశాడు బండి తోలే హరలంబ్.

వెనకే స్మరాండ పరిగెత్తింది. చేతిలో ప్రొఫెసర్ దోబ్రెస్కు రాసిన లావుపాటి మత చరిత్ర. చంకలో తాను రాసిన నవల.

"అయ్యా, నా పేరు స్మరాండ. మీ పుస్తకాలే నన్ను..."

గడ్డి టోపీ పెద్దమనిషి ఇకిలించాడు. "నేను పశువుల డాక్టర్నమ్మా! ఆవుంటే చెప్పు, చూస్తాను."

ఆమె ముఖం కందిపోయింది.

బుకారెస్టు నుంచి వచ్చింది ఒక్క ప్రశ్న కోసం. దోబ్రెస్కు పగలు మతాల గురించి పాఠం చెబుతారు, రాత్రి నవలలు రాస్తారు. ఆయన్ని చదివే ఆమె రెండు పిచ్చుల్లోనూ పడింది. తీరా విశ్వవిద్యాలయం వాళ్ళు, కథలు మానేస్తేనే ఉద్యోగమన్నారు. రేపే జవాబు చెప్పాలి. ఆయనేమో ఈ ఊళ్ళో రుసాలి పండగ చూసుకుని, ఈ సాయంత్రం రైలుకే దేశం విడిచి వెళ్ళిపోతున్నారు.

అంతలో ఘల్లుమంటూ, గంతులేసి జబ్బులు పోగొట్టే కలూష్ ఆటగాళ్ళు వచ్చేశారు!

ముందు వెల్లుల్లి కట్టిన జెండా. వెనక చెక్క కత్తి తిప్పుతూ ముసుగు మూగోడు. నేలమీద పడుకోబెట్టిన జబ్బు పసివాడి మీదుగా ఒక్కొక్కరే ఎగిరి దూకుతుంటే స్మరాండ ఒళ్ళు పులకరించింది. వచ్చిన పనే మరిచిపోయి చప్పట్లు కొట్టింది.

మూగోడు గబుక్కున ఆమె చంకలోని నవల లాక్కున్నాడు. నేలమీద చతికిలబడి పేజీలు తిప్పసాగాడు.

"ఏయ్! ఇటివ్వు! చదువుతున్నట్టు వేషం ఒకటి!"

జనం గొల్లున నవ్వారు.

"కోప్పడకు తల్లీ, ఏడిపించడమే వాడి పని," అన్నాడు ఆటగాళ్ళ పెద్ద గవ్రిల. "జెండా దించేదాకా నోరు విప్పకూడదు. విప్పాడో, ఈ పసివాడికి నయం కాదు."

మూగోడు ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

"అది ప్రొఫెసర్ గారు చదవాల్సింది! ఉద్యోగమా, నవలా అని ఆయన్నే అడగాలి నేను!" అంటూ స్మరాండ నవల లాగేసుకుంది.

మూగోడి చేతులు ఆగాయి. లేచాడు. ఆమె చేతిలోని మత చరిత్రనీ, నవలనీ ఒకదానిమీద ఒకటి పెట్టి, తన నడుముకున్న ఎర్ర పటకా విప్పి, రెండింటినీ కలిపి గట్టిగా కట్టి ఆమె చేతుల్లో పెట్టాడు.

"నీకు నవ్వులాటగా ఉందిట్రా? పో అవతలికి!"

తల వంచి దండం పెట్టి, మళ్ళీ గంతులేస్తూ పోయాడు.

పొద్దు వాలేదాకా ఊరంతా వెతికింది. ఎవర్నడిగినా తెలీదంటూ చేతులు తిప్పేశారు. రైలు కూత వినగానే ఏడుస్తూ స్టేషనుకి పరిగెత్తింది. ఆఖరి పెట్టె మలుపు తిరిగిపోయింది. ప్లాట్‌ఫారం మీద గవ్రిల ఒక్కడే నిలబడి ఉన్నాడు, ఎవర్నో సాగనంపి.

"ప్రొఫెసర్ గారు వెళ్ళిపోయారా? ఇంతసేపూ ఎక్కడున్నారు? నువ్వైనా చెప్పలేదేం?"

"జెండా దించేదాకా ముసుగులో ఎవరున్నారో మేం చెప్పకూడదు తల్లీ. మా మూగోడి కాలు విరిగితే, ఆయనే ప్రమాణం చేసి వాడి బదులు నిలబడ్డారు."

స్మరాండ రెండు పుస్తకాల్నీ కలిపి కట్టిన ఎర్ర పటకా ముడి తడిమి చూసుకుంది.

"ముసుగు తీస్తూ మొట్టమొదట అన్న మాటేంటో తెలుసా? 'గవ్రిలా, మంచి పట్టులో ఉండగా లాగేసుకుంది, ఆ నవల ఆఖర్న ఏమవుతుందో కనుక్కుని నాకు ఉత్తరం రాయించవయ్యా!'"