పదకొండున్నర స్లాట్

"మేడం, ఇది ఇవాళ్టిది కాదు. రేపటిది."

గేటు దగ్గరి అమ్మాయి ఫోన్ తిరిగి ఇచ్చేసింది. స్కానర్ మీద ఎర్రలైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

"సరిగ్గా చూడండి. శనివారం, పదకొండున్నర" అంది జ్యోత్స్న.

"పార్కులోకి వచ్చిన టికెట్ శనివారానిదే మేడం. గగనరథం స్లాట్ మాత్రం ఆదివారానికి బుక్ అయింది."

జ్యోత్స్న ఫోన్‌లోకి చూసింది. నిజమే.

నెల రోజులుగా ఆమెకు ఇదే ధ్యాస. పార్కులోకి వెళ్లడానికి ఒక టికెట్. గగనరథం అనే రోలర్ కోస్టర్ ఎక్కడానికి వేరే స్లాట్. రెండూ ముప్పై రోజుల ముందే, ఉదయం సరిగ్గా ఎనిమిదింటికి తెరుచుకుంటాయి. పది నిమిషాల్లో అయిపోతాయి.

ఆ రోజు ప్రగతి నగర్ ఇంట్లో రెండు ఫోన్లు, ఒక లాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చుంది. ఆన్‌లైన్ వరసలో ఆమె నంబరు రెండు వేల నూట పద్నాలుగు. స్లాట్ కనబడగానే నొక్కేసింది. శనివారం నిండిపోతే పేజీ తనంతట తానే ఆదివారానికి జరుగుతుందని గమనించలేదు.

మాదాపూర్‌లో ఆమె ఉద్యోగం, ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం.

"ఎక్‌స్ట్రా డబ్బులు కడతాను. ఇప్పుడు ఇవ్వలేరా?"

"ఇవాళ అన్నీ ఫుల్ మేడం."

"పోనీ, రేపు వస్తాం."

"రేపటి ఎంట్రీ టికెట్లు ఎప్పుడో అయిపోయాయి."

పక్కనున్న కూతురు హర్షిణి ఆమె చెయ్యి పట్టుకుంది. పోయిన ఏడాది ఇదే గేటు దగ్గర, రెండు వేళ్లంత ఎత్తు తక్కువైందని వెనక్కి పంపారు. అప్పటి నుంచీ ఆ పిల్ల నెలకోసారి ఫ్రిజ్ పక్కన నిలబడి పెన్సిల్‌తో గీత గీసుకుంటోంది.

"ఈసారి కూడా కాదా అమ్మా?"

ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది జ్యోత్స్నకు. ఆఫీసులో రిలీజ్ ఉందని భర్త దినేష్ రాలేదు. ఫోన్ చేసి ఏం చెప్పాలో కూడా తోచలేదు.

"ఏమైంది బిడ్డా?"

వెనక నిలబడ్డ పెద్దాయన. పక్కన ఆయన భార్య. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కొత్త చెప్పులు. ఇందాక ఆయనే, "పదకొండున్నర లైన్ గిదేనా బిడ్డా?" అని అడిగితే, తల తిప్పకుండానే, "బోర్డు మీద రాసుంది కదా" అంది జ్యోత్స్న.

ఇప్పుడు ఆమె ఏదీ దాచలేదు. జరిగింది చెప్పింది.

ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "మాకు రెండున్నయి. తీస్కో."

"మరి మీరో?"

"మేమెక్కడికి పోతం? ఇంకోపారి వస్తం."

"వద్దండీ, ఎలా..."

"పాప మొకం జూడు. జర తీస్కో బిడ్డా."

ఆయన భార్య ఒక్కసారి భర్త వైపు చూసింది. తర్వాత హర్షిణి తల నిమిరి, "పో బిడ్డా, టైమైతుంది" అంది.

గేటు దగ్గరి అమ్మాయి కాగితం స్కాన్ చేసింది. ఈసారి ఆకుపచ్చలైటు వెలిగింది.

ఈ వయసులో ఆ ఎత్తు చూసి జంకి ఉంటారు, వదిలించుకోవడానికి ఒక సాకు దొరికింది అనుకుంది జ్యోత్స్న. నిజానికి ఆమెకూ లోపల భయంగానే ఉంది.

అది ఆయనకు తెలిసిపోయినట్టుంది. "ఏం ఫికర్ జెయ్యకు. గట్టిగుంటది" అన్నాడు.

పాపం, తోచిన ధైర్యం చెబుతున్నాడనుకుంది. "థాంక్సండీ" అని పిల్లను లాక్కుని లోపలికి పరుగెత్తింది. పేరు కూడా అడగలేదు.

పైకి వెళ్లాక ఒక్క క్షణం రథం ఆగింది. దూరంగా అద్దాల భవనాలన్నీ అగ్గిపెట్టెల్లా కనిపించాయి. తర్వాత ఒక్కసారిగా కిందికి. హర్షిణి అరిచిన అరుపులో ఏడాది దిగులంతా కొట్టుకుపోయింది.

కిందికి దిగేసరికి, నీలం యూనిఫాం వేసుకున్న టెక్నీషియన్ ఒకతను రొప్పుతూ నిలబడి ఉన్నాడు. సీట్లలోంచి దిగుతున్న అందరి ముఖాలూ వెతుకుతున్నాడు.

"పదకొండున్నరకు సాయిలు, కొమురమ్మ అని లిస్టుల ఉన్నది. వాళ్లేరి మేడం?"

"ఒక పెద్దాయన, ఆయన భార్యా... వాళ్ల స్లాట్ మాకిచ్చారండీ."

"ఇచ్చిండా?" అతను గేటు వైపు తిరిగి చూశాడు. "ముందు సీట్ల నేనే కూసోవెడదామని కంట్రోల్ రూంలకెళ్లి ఉరికొచ్చిన."

జ్యోత్స్న గేటు దగ్గరికి వెళ్లింది. కంచెకు అవతల వాళ్లిద్దరూ లేరు.

"రథం దిగే దాకా ఇక్కడే నిలబడి చూశారు మేడం. బస్సు టైమైందని ఇప్పుడే వెళ్లిపోయారు" అంది గేటు దగ్గరి అమ్మాయి.

హర్షిణి మునివేళ్ల మీద లేచి జనంలోకి చూసింది. ఆ దారిలో అన్నీ తెల్ల చొక్కాలే.

"ఎవరండీ ఆయన? మీ బంధువా?" వెనకే వచ్చిన టెక్నీషియన్‌ను అడిగింది జ్యోత్స్న.

అతను తల అడ్డంగా ఊపాడు.

"గీ రథం పట్టాలన్నీ బాలానగర్ కార్ఖానాల వెల్డింగ్ జేసింది ఆయనే మేడం, ఇంటామెను ఒక్కపారి ఎక్కించి చూపిస్తనని, నాలుగు నెలల సంది పొద్దుగాల్నే నెట్ సెంటర్ల పోయి కూసుంటే, ఇయ్యాల్టికి దొరికింది."