జెండా లేని ఇల్లు

"ఇవాళ జెండా కట్టించందే కదిలేది లేదు," అంటూ చేతిలో జెండాతో ఆగ్నెస్ గేటు తోసింది.

జర్మనీతో యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ మా అడిలైడ్ వీధిలో ఇంటింటికీ బ్రిటిష్ జెండానే. జర్మన్ కుటుంబానికి చెందిన ఒటీలీ ఇంటికే లేదు. మా మాట వినదని పాదిరీ గారిని కూడా లాక్కొచ్చాం.

తలుపు తీసిన ఒటీలీ మమ్మల్ని చూడనేలేదు. పాదిరీ గారు మర్యాదకి టోపీ తీశారు. అంతే, పిండి చేతులతో గుమ్మంలోనే కూలబడింది.

"ఎవరయ్యా? పెద్దోడా, చిన్నోడా?"

యుద్ధంలో పోయినవాళ్ళ కబురు ఇంటికి తెచ్చేది పాదిరీ గారేనన్న సంగతి అప్పటికిగానీ మాకు తట్టలేదు.

"నీ కొడుకులు గనుల్లో పనికెళ్ళారన్నావుగా?" ఆగ్నెస్ నీళ్ళు నమిలింది.

"జర్మన్ పేరుంటే పట్టాళంలోకి రానివ్వరని ఇంగ్లీషు పేర్లు చెప్పుకుని చేరారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఎవడు పోయాడో చెప్పండయ్యా!"

"ఎవరూ పోలేదమ్మా. మేం... జెండా కోసం వచ్చాం."

"జెండాకా? ఉత్త జెండాకేనా?" ఏడుస్తూనే నవ్వేసింది ఒటీలీ. "ఇటివ్వు ఆగ్నెస్, ఎన్ని కట్టమంటే అన్ని కడతా. ఈయన్ని మాత్రం ఇంకెప్పుడూ మా గేటు దాటించకు."