నాలుగో నంబరు కప్పు

ఆ వృద్ధాశ్రమంలో నర్సు సాయంత్రమే వెళ్లిపోతుంది. వెళ్లేముందు రాత్రి మాత్రలు చిన్న కప్పుల్లో వేసి, వాటి మీద మంచం నంబర్లు రాసి పెడుతుంది. మింగించేది ఆయా. పక్కలు మార్చడానికి, ఒళ్లు తుడవడానికి పెట్టుకున్న మనిషి.

"ఏ మాత్ర ఎందుకో నాకేం తెలుసు సార్?" అని చేరిన రోజే అడిగింది.

"నంబర్లు చదవడం వచ్చుగా, చాలు," అన్నాడు మేనేజరు.

ఈ రాత్రి కూడా నంబరు చూసే ఇచ్చింది. ఇచ్చి కుర్చీలో కూలబడింది. కాసేపటికి ఏదో లోటనిపించింది.

టక్‌టక్ లేదు.

టక్‌టక్ అమ్మమ్మకు రాత్రుళ్లు నిద్ర పట్టదు. ఉంగరంతో మంచం కడ్డీని కొడుతూనే ఉంటుంది. ఆ చప్పుడు తన గదిలోకి వినపడుతోందని, ఇవాళ నర్సు వెళ్లాక మేనేజరే ఆమెను దూరంగా నాలుగో మంచం మీదికి మార్పించాడు. అక్కడి టీచరమ్మను ఈమె మంచం మీదికి పంపాడు.

ఆయా వెళ్లి అమ్మమ్మను కుదిపింది. వేలాడుతున్న చెయ్యి ఊగి, ఉంగరం కడ్డీకి ఒక్కసారి టక్కుమంది. అంతే.

గది తలుపేసుకుని పడుకున్న మేనేజరుకు ఫోన్ చేసింది.

"రోజూ నిద్రపోదని గోల. ఇవాళ నిద్రపోయిందని గోలా? పొద్దున చూద్దాం."

"పొద్దున ఎవర్ని చూస్తావురా?" అని అరిచింది. అప్పటికే పెట్టేశాడు.

వెనకాల మంచం కిర్రుమంది. మాత్ర పడితే తెల్లారేదాకా కదలని టీచరమ్మ, చీకట్లో నిటారుగా కూర్చుని ఉంది.

"అమ్మాయ్, ఇవాళ నాకసలు నిద్ర రావట్లేదేంటే?"