లైసెన్సు మార్చని తమ్ముడు

అన్న కొట్టిన మొదటి దెబ్బకే తమ్ముడి కళ్లజోడు ఎగిరి కీబోర్డు మీద పడింది.

"లైసెన్సు మార్చరా. నీ సొమ్మేం పోతుంది?"

తమ్ముడు మొదలుపెట్టి అందరికీ స్వేచ్ఛగా వదిలిన కోడును అన్న తన కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఇంకొకరి కోడుతో కలిపి అమ్మబోతున్నాడు. ఆ రెండింటినీ ఎవరెలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సు షరతులు ఒకదానితో ఒకటి పొసగవు.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నయ్యా. నాది తీసేసి వేరే రాయించుకో," అన్నాడు తమ్ముడు.

అన్న అతని జుట్టు పట్టుకుని నుదురు బల్లకేసి బాదాడు. రక్తం కనుబొమ్మ మీంచి కారింది.

"తోడబుట్టినవాడి కన్నా నీకు షరతులెక్కువా?"

"ఎక్కువే అనుకో."

అన్న అతని చిటికెనవేలు వెనక్కి విరిచినప్పుడు ఎముక చిట్లిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. తమ్ముడు కేక పెట్టాడు గానీ ఒప్పుకోలేదు. కొట్టీ కొట్టీ అన్నకే ఆయాసం వచ్చింది. "నీ కోడు నువ్వే నెత్తిన పెట్టుకుని ఊరేగు," అని తలుపు విసిరికొట్టి వెళ్లిపోయాడు.

తమ్ముడు గడియ పెట్టి, బాగున్న చేత్తో ఫోన్ చేశాడు. అన్న ఊరూరా వెతికిస్తున్న వదిన ఎత్తింది.

"అన్నయ్య ఇక ఆ కోడు జోలికి రాడు వదినా. లైసెన్సు మార్చాలంటే రాసినవాళ్లందరూ ఒప్పుకోవాలి. అందులో సగం మారుపేరుతో రాసింది మీరని అన్నయ్యకు తెలియదు. నేను సరేనంటే, మీ సంతకం కోసం ఆరా తీసుకుంటూ మీ గుమ్మం దాకా వచ్చేవాడు."

దెబ్బల ఊసు అతను ఎత్తలేదు. వదిన కాసేపు అతని ఊపిరి వింది.

"ఆసుపత్రిలో మెట్ల మీంచి జారిపడ్డానని మాత్రం చెప్పకు," అంది. "నేను ప్రతిసారీ అదే చెప్పాను."