గుట్ట మీద కాపురం

ఊళ్లో సిగ్నల్ రాదు. గుట్ట ఎక్కితే వస్తుంది. అందుకే దాన్ని టవరు గుట్ట అంటారు. దాని మీద టవరు మాత్రం లేదు. కొలతలు తీసుకుని వెళ్లినవాళ్లు ఇంకా తిరిగి రాలేదు.

చుట్టుపక్కల మూడూళ్లకు అదొక్కటే గుట్ట. ఎవరి ఊరి వైపు నుంచి వాళ్లు ఎక్కుతారు. నెత్తిన గుడిసంత బండ ఉంది. దాన్ని ఆనుకుని నిలబడితే ఫోనులో ఒక గీత వస్తుంది. చెయ్యి పైకెత్తితే రెండు. బండకు ఇటు వీళ్లు అరుస్తుంటారు, అటు పక్కూళ్ల వాళ్లు అరుస్తుంటారు. గాలి అందరి కేకల్నీ కలిపి కొట్టుకుపోతుంది.

మొగుడూ పెళ్లాల మాటలు నాలుగు గోడల మధ్యే ఉండాలని పెద్దలు చెప్పారు. ఆ పెద్దల దగ్గర ఫోను లేదు. గుట్ట మీద పక్కన నిలబడ్డవాళ్లకు ఎవరింట్లో ఏం కూరో, ఎవరి అత్తకు పొద్దుటి నుంచి ఎన్ని విరేచనాలో అన్నీ తెలుస్తాయి.

రోజూ పొద్దు వాలే వేళకు భద్రమ్మ గుట్ట ఎక్కుతుంది. ఆమె మొగుడు సీతారాములు దంతెవాడ అవతల ఇనుప గనిలో పనికి వెళ్లాడు. వెళ్లి ఏడాదయింది. ఆ రోజు ఊరంతా జీపు దాకా వచ్చి సాగనంపింది. ఆ తర్వాత మనిషి ఉగాదికీ రాలేదు. ఫోను మాత్రం సిగ్నల్ ఉన్న ఏ రోజూ తప్పలేదు. అలాంటి మొగుడు దొరకడం అదృష్టమని ఊళ్లో ఆడవాళ్లు అంటారు. మొగుళ్లు ఇంట్లోనే ఉండేవాళ్లు ఇంకాస్త గట్టిగా అంటారు.

ఆ రోజూ ఫోను మోగింది.

"తిన్నవా?"

"తిన్న. నువ్వో?"

"క్యాంటీన్ల కోడికూర."

"నిన్న కూడా కోడికూరే అంటివి."

"రోజూ అదే. మొహం మొత్తింది."

గంజి తాగి గుట్టెక్కిన భద్రమ్మ ఆయన కష్టానికి ఒక నిమిషం విచారించింది.

"ఏమయ్యా, ఇంటి కప్పు సంగతి ఏం జేసినవ్? పెంకులు జారినయ్. నడిమి వాసం చీలింది. సరిగ్గ పిల్ల మంచం మీదనే. రేపో మాపో వాన దిగుతది."

"ఛుట్టీ దొరకాలె గద! సాబ్‌ను అడిగిన. సీతారాములూ, నువ్వు పోతే మిషన్ ఎవరు చూస్తరన్నడు."

"నువ్వు పోకముందు ఎవరు చూసిన్రు?"

"అప్పుడు గని ఇంత పెద్దగ లేదు."

జపాను దాకా వెళ్లే ఇనుప రాయి సీతారాములు చేతి మీదుగానే రైలెక్కుతుందని భద్రమ్మకు తెలుసు. ఆయనే చెప్పాడు. మబ్బు పట్టి గుట్ట మీద సిగ్నల్ పోయిన రోజున గనిలోనూ పోతుందట. రెండూ ఒకే కంపెనీ సిమ్ములు కాబట్టి అలా అవుతుందని కూడా ఆయనే వివరించాడు. ఆరో తరగతి దాకా చదివిన మనిషి.

"మీ సాబ్‌కు ఫోనియ్యి. నేను అడుగుత."

"ఆయన హిందీ మనిషే."

"నాకు హిందీ రాదా? గోండి గూడ వచ్చు. ఏ భాషల తిట్టాల్నో ఆయన్నే అడుగు."

"ఏందీ? మిషన్ మోత. వినపడత లేదు!"

నిజమే. ఫోనులో హోరుమంటోంది.

పక్కన నిలబడ్డ ఉప్పలమ్మ ఉండబట్టలేకపోయింది. ఆమె కొడుకు నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీలో ఉన్నాడు. అతని ఫోను కోసం ఆమె నెల రోజులుగా గుట్ట ఎక్కుతోంది, దిగుతోంది.

"ఏందే భద్రమ్మా, నీ మొగుడు లేకుంటే గని బందైతదా?"

"ఔనత్తా. ఇల్లు మాత్రం ఆయన లేకున్నా నడుస్తది."

"రోజూ పలుకుతడు, సంతోషించు. నా కొడుకు నెలకోసారి చేసి, అమ్మా, రీచార్జి అయిపోతున్నదే అని చెప్పి పెట్టేస్తడు. ఆ ముక్క చెప్పనీకి కావాల్సిన రీచార్జి మాత్రం ఎట్లుంటదో!"

ఉరిమింది. ఉప్పలమ్మ ఫోనును జాకెట్లో దోపుకుని, దేవుణ్ణీ కొడుకునీ కలిపి తిడుతూ గుట్ట దిగిపోయింది. మిగిలినవాళ్లూ ఆమె వెనకే దిగారు. నాలుగు చినుకులు పడ్డాయి.

"ఏమయ్యా, ఆఖరు సారి అడుగుతున్న. వస్తవా, రావా?"

మళ్లీ ఉరిమింది. ఫోనులోనూ ఉరిమింది.

"నాకు రావాలని లేదా, భద్రీ? మధ్యల వదిలి వస్తే ఊరు నవ్వదా? జీపు దాకా వచ్చి సాగనంపినోళ్లకు ఏం మొహం చూపియ్యాలె?"

"నీ మొహం ఎవరికి గావాలె? నాకు రెండు చేతులు గావాలె, కప్పు మీదికి."

"వచ్చే నెల చూస్త."

"వచ్చే నెలకు వాసం ఆగుతదా? దానికి గూడ ఫోన్ల చెప్తవా?"

"హలో? హలో? మోతకు వినపడత లేదే!"

భద్రమ్మ ఫోను కట్ చెయ్యలేదు. గుట్ట దిగలేదు. కొంగు నడుముకు దోపుకుని బండ చుట్టూ నడిచింది.

అవతలి పక్క, గనిలో పని పోయిన నాటి నుంచి పక్కూళ్లో కూలి చేసుకుంటూ రోజూ ఆ వైపు నుంచి గుట్ట ఎక్కుతున్న సీతారాములు ఇంకా "మిషన్ మోత, మిషన్ మోత" అని అరుస్తూనే ఉంటే, ఆయన చెవి దగ్గరి ఫోను లాక్కుని, "ఛుట్టీ నేనిచ్చిన, నడువ్" అంది.