వరండా వరకే

"గేటు తీసేది లేదమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు విజయభాస్కర్.

గేటు బయట వానలో పదిహేను మంది నిలబడి ఉన్నారు. అందరూ పక్క పాలెం వాళ్ళే, చేపల వేటకి పోయి బతికేవాళ్ళు. సాయంత్రానికి తుపాను తీరం దాటుతుందని పొద్దుటినుంచీ మైకులో చెబుతూనే ఉన్నారు. విడవలూరు దాటి సముద్రం వైపు వస్తే గట్టి ఇల్లంటూ ఉన్నది అతనిదొక్కటే. చుట్టూ అతని రొయ్యల గుంటలే.

మంచం మీదున్న రెబెక్కమ్మ కొడుకు వైపు తల తిప్పింది. పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది. కాళ్ళు పడిపోయినాయి గానీ నోటికేం కాలేదు.

"ఆరు గదులుండాయి కదరా. ఉండేది మనిద్దరం. తియ్యి."

"ఈరోజు తీస్తే రేపు చినుకు పడినా వస్తారు. వాళ్ళ కోసం గవర్నమెంటు షెల్టరు కట్టలా? అక్కడికి పొమ్మను."

"ఇంత ఇల్లుండి కూడా, ఇట్లాంటప్పుడు తలుపు తియ్యకపోతే ఎట్లారా?"

"ఈ ఇల్లు నేను కష్టపడి కట్టుకున్నా. క్రిస్మస్‌కి పాలెమంతా చీరలు పంచానా, లేదా? అది నా ఇష్టం. నా ఇష్టాన్ని పట్టుకొని నా బాధ్యత అంటే మాత్రం ఒప్పుకోను."

"నువ్వు పంచింది నీకు మిగిలింది. వాళ్ళకిప్పుడు కావాల్సింది వేరే. రెండూ ఒకటేనా?"

విజయభాస్కర్ గొడుగు తీసుకొని బయటికి నడిచాడు. రెండడుగులకే గాలికి గొడుగు విరిగింది. దాన్ని అక్కడే పడేసి, తడుస్తూనే గేటు దాకా వెళ్ళాడు.

ముందు నిలబడి ఉన్నది పేరమ్మ. పాలెంలో పెద్ద మనిషి లాంటిది.

"సార్, మీ అమ్మ..."

"మా అమ్మ సంగతి నాకు తెలుసు! ఆమె మనసు మెత్తన. అది చూసుకునే వచ్చినారు మీరు."

"అది కాదు సార్, మేం చెప్పేది..."

"ముందు నేను చెప్పేది విను. ఉన్నోడు లేనోడికి సాయం చెయ్యొచ్చు. చేస్తే మంచోడు. చెయ్యకపోతే ఎందుకు చెయ్యవని అడిగే హక్కు ఎవరికీ లేదు. మీకూ లేదు."

"టైం లేదు సార్," అంది పేరమ్మ, గుంటల అవతలున్న ఉప్పుకాలవ వైపు చూస్తూ.

"ఒరే, రానియ్యరా వాళ్ళని!" కిటికీలోంచి రెబెక్కమ్మ అరిచింది.

విజయభాస్కర్ వాళ్ళని ఒకసారి కలయజూశాడు. ఒకామె చంటిదాన్ని ప్లాస్టిక్ పట్టా కింద దాచుకొని వణుకుతోంది. అతని మొహం కొంచెం మెత్తబడింది. తాళం తీశాడు.

"సరే. ఆడోళ్ళు, పిల్లలు రండి. వరండా వరకే. మొగోళ్ళు షెల్టరుకి పోవాల్సిందే. ఒక్కడు కూడా నా గడప తొక్కడానికి వీల్లేదు."

తన స్థానంలో ఇంకెవరున్నా ఈ మాత్రం కూడా చేసేవాళ్ళు కాదనిపించింది అతనికి. గేటు బార్లా తెరిచి పక్కకి జరిగాడు.

ఒక్కరూ కదల్లేదు.

"మేమందరం షెల్టరుకే పోతుండాం సార్," అంది పేరమ్మ. "ఉప్పుకాలవ గట్టు తెగింది. ఇంకో గంటకి మీ ఇంట్లో నడుముల్లోతు నీళ్ళుంటాయి. రోడ్డు అప్పుడే మునిగిపోయింది, మీ కారు పోదు."

పేరమ్మ తన వెనకున్న నలుగురు మొగోళ్ళని ముందుకి పిలిచింది.

"మీ అమ్మని మంచంతో సహా మోసుకుపోదామని వీళ్ళని తీసుకొచ్చినా. గడప తొక్కొద్దంటే ఎట్లా సార్?"