గుమ్మం తొక్కిన కార్మికుడు

"మాస్టారూ, నా ఉద్యోగం ఊడింది," అన్నాడు గూఢచారి, గుమ్మంలోనే నిలబడి.

సొంత దేశం వెళ్లగొట్టిన విప్లవ మేధావి కళ్లజోడు సవరించుకున్నాడు. పన్నెండేళ్లుగా ఎదుటి అరుగు మీద కూర్చుని, ఆయన రాసిన ప్రతి ముక్కా ఆ దేశ ప్రభుత్వానికి చేరవేస్తున్న మనిషే ఇతను.

"ఎందుకూ?"

"మీవల్ల ప్రమాదమేమీ లేదని పైవాళ్లు తేల్చేశారు."

"నావల్లా! ప్రమాదం లేదా?" మేధావి మొహం మాడిపోయింది.

"అన్నయ్యా, లోపలికి రండి," అంటూ ఆయన భార్య కాగితాలు తెచ్చింది. "ఏమండీ, ప్రభుత్వం మీద దుమ్మెత్తిపోస్తూ ఒకటి రాయండి. భయపడి ఈయన్ని మళ్లీ పెట్టుకుంటారు."

"కాస్త ఘాటుగా, మాస్టారూ," గూఢచారి నసిగాడు. "నిరుడు రాసినవి మరీ చప్పగా ఉన్నాయి."

మేధావి గుర్రుగా చూశాడు.

"కార్మికుల కోసమే రాస్తున్నానంటారుగా," భార్య సిరాబుడ్డి ముందుకు జరిపింది. "ఇన్నాళ్లకి ఒక్కరు మన గుమ్మం తొక్కారు."